చి లేని ప్రింటరు

మా ఆఫీసులోని పాత ప్రింటరును ఆన్ చేయగానే దాని తల ఎడమ కొసకు ఒకసారి, కుడి కొసకు ఒకసారి పోయి, మధ్యలోకి వచ్చి ఆగుతుంది. ఆ ఆగడం కోసమే కాచుకున్నట్టు, దాన్ని బాగుచేసే ఆయన, "లేసింది. ఓనమాలు దిద్దించు బావ" అనేవాడు. ఆయన పోయి పందొమ్మిది రోజులైంది. అందులో ఆఫీసు తెరిచిన రోజులు పదహారు. పదహారు ఉదయాలూ ఆ మాట నేనే పైకి అని, ప్రింటరుకు అక్షరాలు పంపాను.

నిన్న పదహారో ఉదయం. ప్రింటరు ఇంకా లేవకముందే తపాలా వచ్చింది. మేం పంపిన అర్జీ మూడోసారి తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క వాక్యం: "సాక్షి పేరులో చేతితో దిద్దుబాటు కలదు. సదరు సాక్షి మరల హాజరై సంతకం చేయవలెను."

సదరు సాక్షి ఆయనే.

అర్జీ ఇంకో మనిషి గురించి. పదకొండు నెలల క్రితం ఫిషింగ్ హార్బర్ నుంచి ఎనిమిది మందితో వెళ్లిన బోటు తిరగబడింది. ఆరుగురిని వేరే బోటువాళ్లు పైకి లాగారు. ఇద్దరు దొరకలేదు. మనిషి సముద్రంలో పోయాడని చెప్పే కాగితం ఆ ఇద్దరిలో ఒకరి ఇంటికి నాలుగో నెలలో వచ్చింది. రెండో ఇంటికి ఇప్పటికీ రాలేదు. కారణం ఒక్క అక్షరం. అతని ఆధార్ కార్డులో చిన్నయ్య. మా బోట్ల సంఘం ఆఫీసు కొట్టిన జాబితాలో సిన్నయ్య. రికార్డు ప్రకారం చిన్నయ్య అనే మనిషి ఆ రోజు ఏ బోటూ ఎక్కలేదు. ఇల్లు వదిలి ఎటో వెళ్లాడు, అంతే. ఎవత్తెతోనో లేచిపోయి ఉంటాడని కుళాయి దగ్గర అతని భార్య మొహం మీదే అన్నవాళ్లున్నారు.

ఆ అక్షరం ఎలా పోయిందో తెలిసినవాళ్లం ఇద్దరం. ఇప్పుడు ఒక్కణ్ణి.

ఆయన ప్రింటర్ల మెకానిక్. మల్కాపురంలో ఉండేవాడు, రెండు బస్సులు మారి వచ్చేవాడు. ప్రింటరు తలలో ఉండే సన్నటి సూదులను పిన్నులనేవాడు కాబట్టి హార్బర్‌లో అందరికీ "పిన్నుల బావ". ఆయన చంకలో ఎప్పుడూ ఒక పాత బిస్కెట్ డబ్బా. అందులో థర్మోకోల్ ముక్కలకు కాళ్లు గుచ్చిన చిప్పులు, జెర్రి పిల్లల్లా వరసగా. ఆ డబ్బా మూత తీసే ముందు ఆయన బయటికి వెళ్లి, ఆఫీసు గోడ పక్కనున్న ఇనుప కుళాయిని రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడేవాడు. "ఒంట్లో కరెంటు ఉంటాది బావ. మనకి తెలీదు. దాన్ని ముందు దించకపోతే చిప్పు సచ్చిపోద్ది" అని నాకు చెప్పాడు. చేపలు కడుక్కోవడానికి బిందెలతో వచ్చిన ఆడవాళ్లకు మాత్రం అది రోజూ వేడుక.

"ఓ పిన్నుల బావా! ఎంతసేపు వాటేసుకుంటావు దాన్ని? బిందె ఎట్టుకోనీ!"

"ఒగ్గేత్తన్నాను మరదలా. నా కరెంటుతోటి నీది కూడా దింపేసినాను. ఇయ్యాల మీ ఇంట్లో దెబ్బలాట నేదు, పో."

అచ్చయిన కాగితాన్ని ఆయన ముందువైపు చూడగా నేను చూడలేదు. తిప్పేవాడు. కళ్లు మూసుకుని, వెనకవైపు పొడుచుకొచ్చిన చుక్కల మీద బొటనవేలు నడిపించేవాడు. "పద్నాలుగోది బద్దకిస్తంది" అనేవాడు. ఇరవైనాలుగు సూదుల్లో పైనుంచి పద్నాలుగోది. నేను నమ్మే మనిషిని కాను, భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. తొమ్మిదిసార్లు చూశాను, తొమ్మిదిసార్లూ ఆయన చెప్పిన సూదే.

ఈ కాలంలో అలాంటి ప్రింటరు ఎందుకని కొత్తగా వచ్చిన వాళ్లు అడుగుతారు. బోటు బయల్దేరే ముందు అందులో ఎక్కినవాళ్ల జాబితా నాలుగు కాపీలు కావాలి. ఒకటి గేటు దగ్గర, ఒకటి మా దగ్గర, ఒకటి బోటులో, ఒకటి ఇంట్లో. మధ్యలో కార్బన్లు పెట్టి ఒక్క దెబ్బకు నాలుగూ కొట్టేది ఇదొక్కటే. నాలుగూ ఒకటే దెబ్బ కాబట్టి ఒకదాంట్లో పేరు మార్చడానికి వీల్లేదు. దాని గొప్ప అదే. ఆ తర్వాత మా గొంతు మీదికొచ్చిందీ అదే.

ప్రింటరు ఇంగ్లీషుది. తెలుగు రాదు. మొదట్లో జాబితాలు ఇంగ్లీషులోనే కొట్టేవాణ్ణి. బోటు మీద పనిచేసే పెద్ద కళాసీ ఒకడు వేలిముద్ర వేయనని మొండికేశాడు. "నా పేరు నాకు అగుపడకుండా నన్ను సంద్రంలోకి తోలేత్తావేటి?" అన్నాడు. ఆ రోజు రిబ్బన్ మార్చడానికి వచ్చిన ఆయన ఆ మాట విని, రిబ్బన్ చేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"దీని బుర్రలో కాస్త కాళీ ఉంటాది బావ. అచ్చరాలు మనమే గీసి అందులో ఎడదాం."

గీయడం గళ్ల కాగితం మీద. పైనుంచి కిందికి ఇరవైనాలుగు గళ్లు, అడ్డంగా ముప్పై ఆరు. ఒక్క అక్షరానికి ఎనిమిది వందల అరవైనాలుగు గళ్లు. సూది తగలాల్సిన గడి పెన్సిల్‌తో నింపాలి. ఆయన నింపేవాడు, నేను దాన్ని అంకెలుగా మార్చేవాణ్ణి. నాకు ఎవరూ కంప్యూటర్ నేర్పలేదు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని గళ్లకు విలువలు కట్టడం ఆ కాగితాల మీదే నేర్చుకున్నాను. లెక్క తేలింది: గళ్లకు నూట ఎనిమిది, పక్క ఖాళీలు చెప్పడానికి మూడు, ఒక్కో అక్షరానికి నూట పదకొండు బైట్ల చోటు. ప్రింటరు బుర్రలో ఉన్నది ఎనిమిదివేల నూట తొంభైరెండు. అంటే డెబ్బై మూడు అక్షరాలు. క, కా, కి, కీ అన్నీ వేటికవే గీయాలి, కింద వేసే ఒత్తులు వేరే. డెబ్బై మూడుతో క, ఖ, గ, ఘ గుణింతాలు దాటేసరికి చోటు అయిపోతుంది.

"అయితే బుర్ర మారుద్దాం" అన్నాడు.

నాలుగింతలు పట్టే చిప్పు కోసం మూడు నెలలు తిరిగాడు. అలాంటివి కొత్తగా ఎవరూ అమ్మడం లేదు. చివరికి పాత సామాన్ల కొట్లో ఒక చచ్చిన బోర్డు దొరికితే, దాని నుంచి వేడిచేసి ఊడదీశాడు. కుళాయిని ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపు పట్టుకున్నాడు. ఇరవై ఎనిమిది కాళ్లలో ఒకటి వంగింది. దాన్ని పళ్లపుల్లతో సరిచేసి, చిప్పును గూట్లో నొక్కి, స్విచ్చి వేశాడు. తల ఎడమకు పోయింది, కుడికి పోయింది, ఆగింది. ఆయన ప్రింటరు మూత మీద చెయ్యేసి, "ఒకటో కళాసు నుంచి నాలుక్కెల్లిపోయినాడు బావ మనోడు!" అన్నాడు. ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వడం చూశాను.

ఇప్పుడు రెండు వందల తొంభై అయిదు అక్షరాలు పడతాయి. ఇరవైమూడు బైట్లు మిగులుతాయి. కానీ తెలుగుకి అయిదు వందలకు పైనే కావాలి. కొన్ని వదలాలి. ఏవి వదలాలో చెప్పాల్సింది నేను. రెండేళ్ల రిజిస్టర్లు ముందేసుకుని, నాలుగు వందల పన్నెండు మంది కళాసీల పేర్లలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో నాలుగు రోజులు గీతలు పెట్టాను.

"చ గుణింతం?" అని అడిగాడు. ఆయన నోట అది "స గుణింతం" అని వచ్చింది. వేలితో గాలిలో రాసి చూపిస్తే తెలిసింది.

"సున్నా" అన్నాను. "సింహాచలాలు ముప్పై ఒక్కరున్నారు. వాళ్లనీ రిజిస్టర్లో సింహాసలం అనే రాశారు."

"ఓర్నాయనో! అప్పన్న కొండ పేరు తప్పు కొడితే మన వంశం నిలబడతాదా? ఆ ఒక్కటీ ఎట్టేయ్. మిగతాయి? పక్కాగా సూసినావా?"

"రెండుసార్లు లెక్కపెట్టాను."

"అయితే తీసెయ్ బావ. ఎలాగూ మన నోట్లో నేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. లెక్క తప్పలేదు. నాలుగు వందల పన్నెండు పేర్లలో చి నిజంగానే సున్నా. ఆ రిజిస్టర్లు బోటు డ్రైవర్లు చెవికి విన్నట్టు రాసుకున్నవని, కార్డులో ఉన్న పేరు వేరేగా ఉండొచ్చని నాకు తట్టలేదు. తప్పిన లెక్కను మళ్లీ చేసుకోవచ్చు. నేను లెక్కపెట్టిందే తప్పు.

కరెంటు పోయినప్పుడల్లా ఆ చిప్పులోని అక్షరాలన్నీ చెరిగిపోతాయి, పలక తుడిచినట్టు. రోజూ ఉదయం మళ్లీ పంపాలి. ఓనమాలు దిద్దించడమంటే అదే. రోజూ దిద్దించాను, చి లేకుండా.

పేరు తేడా అని అర్జీ మొదటిసారి తిరిగొచ్చినప్పుడు చిన్నయ్య భార్య తన ఇంటి కాపీ పట్టుకుని వచ్చింది. నాలుగో కాపీ, కార్బన్ మసక. ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును గుడ్డలో చుట్టింది. ఆయన దాన్ని తిప్పి, కళ్లు మూసుకుని, బొటనవేలితో వెతికి, ఒకచోట ఆగాడు. వేలు అక్కణ్ణించి తీయలేదు.

"ఇది ఇదే కొట్టింది" అన్నాడు ప్రింటరును చూస్తూ. "నాను గీసిన సి."

"అన్నయ్యా, మరేటి సేత్తాం?" అంది ఆమె.

"నాను ఎల్లి సెప్తాను తల్లీ. దీనికి రాదని సెప్తాను. రానిదాన్ని ఎవులు తప్పంటారు?"

అర్జీ తిప్పి పంపిన ఆఫీసుకు ముగ్గురం వెళ్లాం. ఆయన గళ్ల కాగితాల పుస్తకం, తీసేసిన పాత చిప్పు, రెండు వందల తొంభై అయిదు అక్షరాలూ వరసగా కొట్టిన కాగితం, అన్నీ బిస్కెట్ డబ్బాలో పెట్టుకొచ్చాడు. అక్కడ మెట్ల దగ్గర కుళాయి కనపడితే ఆగి, రెండు చేతులతో పట్టుకున్నాడు. డబ్బాలో ఉన్న పాత చిప్పుకు ఇక ఆ జాగ్రత్త అక్కర్లేదు.

అధికారి చెడ్డవాడు కాదు. కుర్చీలు చూపించాడు. పిన్నుల బావ కూర్చోకుండా అక్షరాల కాగితం బల్ల మీద పరిచాడు.

"ఈ ప్రింటరుకి సి రాదు బాబూ."

అధికారి కలంతో వెతికి, "ఇదిగో, సి ఉంది కదా" అన్నాడు.

"ఆ సి కాదు బాబూ. సి."

"ఏ సి?"

"స కి గుడి ఎడితే వచ్చే సి." ఆయనకు చెమటలు పట్టాయి. పెన్సిల్ తీసి బల్ల మీది అట్ట మీద రాశాడు: చి.

"ఓ, చి. మరి చ ఉందిగా ఇక్కడ? సింహాచలంలో?"

"అది ఉన్నాది. దేవుడి కోసం ఎట్టినాం. దీని గుడి నేదు."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారికీ నవ్వొచ్చింది, దాచుకున్నాడు. "చేప అనండి" అన్నాడు.

"సేప" అన్నాడు ఆయన, బడిలో పిల్లాడిలా నిటారుగా నిలబడి.

నేను కలగజేసుకుని, చిప్పు సంగతి, చోటు సంగతి, నూట పదకొండు బైట్ల సంగతి చెప్పాను. అధికారి ఓపికగా విన్నాడు. ఆమె వైపు తిరిగి, "మీ ఆయన పేరేమిటమ్మా?" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. "ఈ బాబు సెప్తాడు."

"మీరే చెప్పాలి. వాంగ్మూలం."

పెళ్లయి ఇరవైరెండేళ్లు. మొగుడి పేరు నోటితో అనని మనిషి. కొంగు నోటికడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి, లోపలి నుంచి పీకినట్టు అంది: "సిన్నయ్య."

అధికారి అది రాసుకున్నాడు. కలం పక్కన పెట్టాడు. "భార్య సిన్నయ్య అంటోంది. మీరు సిన్నయ్య అంటున్నారు. జాబితాలో సిన్నయ్య. అందరూ ఒకటే చెబుతున్నారు. మరి ఈ కార్డులో ఉన్న చిన్నయ్య ఎవరు?"

బావ కాగితాలన్నీ డబ్బాలో సర్దాడు. లేవబోతుంటే అధికారే దారి చెప్పాడు. చిప్పు వేసిన మనిషి, అక్షరం లేకపోవడం వల్లే అలా పడిందని, ఇద్దరూ ఒక్కరేనని సాక్ష్యం రాసిస్తే పైకి పంపి చూస్తానన్నాడు.

తిరుగు బస్సులో ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కాన్వెంట్ జంక్షన్ దాటాక అన్నాడు: "ఇన్నాళ్లూ యంత్రానికే రాదనుకున్నాను బావ."

సాక్ష్యం చేత్తో రాసి పంపాడు. చేతిరాత చెల్లదు, ముద్రించి పంపవలెనని రెండోసారి తిరిగొచ్చింది. ఏ జిరాక్స్ షాపులోనైనా పది నిమిషాల్లో కొట్టించొచ్చని చెప్పాను. వినలేదు. "తప్పు కొట్టింది ఇది. ఇదే దిద్దాల." అయిదు రోజులు గళ్ల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. చా, చి, చీ, చు, చూ, చె, చే. ఏడు అక్షరాలు. మిగిలిన చోటు ఇరవైమూడు బైట్లే కాబట్టి, ఏడు కావాలంటే పాతవి ఏడు పోవాలి. ఏవి తీస్తున్నావని అడిగితే, "నీ గీతల కాయితం నా దగ్గరున్నాది. సున్నాలే తీత్తన్నాను" అన్నాడు. దేవుడి పేరు కోసమో, వరస తెగకూడదనో మేం సున్నాలైనా ఉంచుకున్న అక్షరాలు కొన్ని ఉన్నాయి.

ఆరో రోజు ఉదయం ఆయన స్వయంగా ఓనమాలు దిద్దించి సాక్ష్యం కొట్టాడు. తల అటూ ఇటూ పోతూ చిన్నయ్య అని మొదటిసారి కొట్టింది. చి గుండ్రంగా, గుడి కాస్త ఎడమకు ఒరిగి ఉంది. ఆయన కాగితం తిప్పి తడిమి తల ఊపాడు. నేను ముందువైపే చదివాను. చివర "సాక్షి" అన్నచోట ఒక అక్షరమంత ఖాళీ, తర్వాత మిగిలిన పేరు.

"బావా, నీ పేరులో మొదటిది పడలేదు."

"తెలుసు. తీసేసినాను. నాలుగొందల పన్నెండు పేర్లలో ఒక్కడికీ నేదది." కలం తీసి ఖాళీలో ఆ అక్షరం రాశాడు. "నాను బోటెక్కను గదా."

ఏ అక్షరమో ఇక్కడ చెప్పను. చెబితే పేరు చెప్పినట్టే. కానీ ఆ నిమిషంలో నేను చెప్పాల్సింది ఒకటుంది. చేత్తో రాసింది చెల్లదని వాళ్లు ఒకసారి చెప్పారు బావా, ఇంకోసారి ఆలోచిద్దాం అని. కాగితాలు రెండుసార్లు చూడటమే నా పని. అప్పుడు చూడలేదు. ఆయన మొహం చూశాను.

అది పంపిన పదకొండో రోజు మధ్యాహ్నం, మల్కాపురం వెళ్లే బస్సులో ఆయన గుండె ఆగిపోయింది. స్టాప్ వచ్చింది దిగమని కండక్టర్ భుజం తడితే ఒళ్లోంచి డబ్బా జారిందట.

నిన్న సాయంత్రం ఆమె వచ్చింది. ఎర్ర సిరా వాక్యం చదివి వినిపించాను. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"ఆ అన్నయ్య నేడు గదా. మరి ఎవులు పెడతారు సంతకం?"

"మళ్లీ వెళ్దాం. నేను రాసిస్తాను. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. కానీ ఈసారి పేరడిగితే నువ్వు కార్డులో ఉన్నట్టు అనాలమ్మా. చి."

ప్రింటరు ఆన్ చేశాను. తల ఎడమకు, కుడికి పోయి ఆగింది. అక్షరాలు పంపి ఆ ఒక్క పేరూ కొట్టి ఆమె చేతిలో పెట్టాను. నాలుక పైకి ఎక్కడ తగలాలో నోరు తెరిచి చూపించాను. సి, అంది. మళ్లీ చూపించాను. సి. ఇంకో ఆరుసార్లు సి. కుళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తోంది. తొమ్మిదోసారో పదోసారో, లెక్క తప్పాను, ఆమె నాలుక సరైన చోట తగిలింది.

"చి... చిన్నయ్య."

సరిగ్గా వచ్చింది. అధికారి కూడా తప్పు పట్టలేడు. నేను బాగుందన్నాను. ఆమె కాగితంలోని ఆ అక్షరాన్ని కాసేపు చూసి, మడిచి, కొంగున ముడి వేసుకుంది.

"ఇలగ పిలిత్తే మా మావ పలకడు బాబు" అంది.